ఖండల్లా మీదుగా జాన్సన్‌విల్: మనం రోజూ ఎక్కే రైలు కథ

మేం నలుగురం వెల్లింగ్టన్‌లో వేరు వేరు ఆఫీసుల్లో గుమాస్తాలం. ఇంటర్‌తో చదువు ఆపి, ఊరు వదిలి, తిరిగి తిరిగి ఇక్కడికి చేరిన వాళ్ళం. పొద్దున ఒకే బండిలో వెళ్తాం, సాయంత్రం ఒకే బండిలో వస్తాం. మేం చరిత్ర పండితులం కాదు. అయినా ఈ వారం ఒక చరిత్ర రాయడానికి కూర్చున్నాం. దానికి కారణం ఒక కుర్రాడు.

అతను మన ఊళ్ళ వైపు నుంచి కొత్తగా వచ్చాడు. మొదటిసారి మాతోపాటు జాన్సన్‌విల్‌లో దిగి, ప్లాట్‌ఫాం చివరిదాకా నడిచి చూసి వచ్చి అడిగాడు: "అన్నా, పట్టాలు ఇక్కడితో అయిపోయాయేంటి? ముందుకి ఏ ఊరూ లేదా?"

ఏళ్ళ తరబడి అదే స్టేషన్‌లో దిగుతున్నాం కానీ ఆ ప్రశ్న మాలో ఎవరికీ రాలేదు. జవాబు కూడా తెలియదు. మర్నాడు శనివారం జాన్సన్‌విల్‌లోని వైతోహి గ్రంథాలయానికి వెళ్ళి పుస్తకాలు తిరగేశాం. తెలిసింది ఏమిటంటే, ఒకప్పుడు ఈ పట్టాలు ఇక్కడ ఆగేవి కావు. ఇది కొసలో ఉన్న చిన్న లైను కాదు, సముద్రతీరం వెంబడి ఉత్తరానికి పోయే పెద్ద లైను!

సర్కారు వద్దంటే ఊరివాళ్ళు కట్టారు

1870లలో న్యూజీలాండ్‌లో రైళ్ళు కట్టేది ఎక్కువగా ప్రభుత్వమే. వెల్లింగ్టన్ నుంచి పశ్చిమ తీరం పట్టుకుని మనవాటూ ప్రాంతానికి ఒక లైను వేయాలని అప్పుడే పని మొదలుపెట్టారు. ఇంతలో డబ్బుకి కటకట వచ్చింది. 1880లో ఒక కమిషన్ ఈ లైను ఇప్పుడు అవసరం లేదని తేల్చింది. సర్కారు పని ఆపేసింది.

మన దగ్గరైతే ఏం చేస్తాం? మళ్ళీ ఎన్నికలు వచ్చేదాకా ఎదురు చూస్తాం. వెల్లింగ్టన్ వర్తకులు ఎదురు చూడలేదు. 1881 ఫిబ్రవరిలో తామే వాటాలు వేసుకుని వెల్లింగ్టన్ అండ్ మనవాటూ రైల్వే కంపెనీ పెట్టారు. ఈ ఊరికి పెద్ద తలకాయలాంటి జాన్ ప్లిమ్మర్ అందులో ముఖ్యుడు. ప్రభుత్వం కంపెనీకి లైను పక్కన భూములు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ భూములు అమ్ముకుని, వాటాల డబ్బు కలుపుకుని కంపెనీ పట్టాలు వేసింది.

ఇక్కడ మన రైళ్ళతో ఒక తేడా చెప్పాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో తొలి రైల్వే కంపెనీలకు నష్టం వచ్చినా ఫరవాలేదు, పెట్టుబడి మీద 5 శాతం వడ్డీ సర్కారే హామీగా ఇచ్చేది. ఆ వడ్డీ చివరికి రైతు కట్టిన పన్నులోంచే పోయేది. ఇక్కడి కంపెనీకి అలాంటి హామీ లేదు. లైను నడిస్తేనే లాభం.

1885 సెప్టెంబరు 24న వెల్లింగ్టన్ నుంచి పరెమాటా దాకా బళ్ళు నడిచాయి. జాన్సన్‌విల్‌కి రైలు వచ్చింది అప్పుడే. ఇది మొదట్లో అడవి కొట్టి చదును చేసిన చోటు. ఫ్రాంక్ జాన్సన్ అనే వలసవాడు ఇక్కడ స్థిరపడితే జాన్సన్ క్లియరింగ్ అనేవాళ్ళు. 1886 నవంబరు 3న ఒతైహంగా దగ్గర గవర్నరు సర్ విలియం జెర్వాయిస్ చివరి మేకు కొట్టారు. పామర్‌స్టన్ నార్త్ పక్కనున్న లాంగ్‌బర్న్ దాకా సుమారు 134 కి.మీ. లైను పూర్తయింది.

మీరు వైకనే బండిలో వెళ్తే ప్లిమ్మర్టన్ స్టేషన్ వస్తుంది కదా, అది ఆ జాన్ ప్లిమ్మర్ పేరే. ఇంకా పైకి పోతే వచ్చే లెవిన్, షానన్ ఊళ్ళు కూడా కంపెనీ డైరెక్టర్ల పేర్లే. మన దగ్గర ఊరి పేరు స్టేషన్‌కి పెడతారు. ఇక్కడ రైలు పెట్టినవాడి పేరు ఊరికి పెట్టారు.

ఒక మాట దాచకూడదు. ఆ భూములు ఖాళీగా పడి ఉన్నవి కావు. తీరం వెంబడి అంతా ఎన్నో తరాలుగా మావోరీ తెగల ఊళ్ళు, పొలాలు ఉన్నాయి. పొరిరువా వైపు న్గాటి తోవా, వైకనే వైపు తే ఆతి అవా. వైకనే దగ్గర లైను వి పరాటా అనే మావోరీ నాయకుడి భూమిలోంచి వెళ్ళింది. ఆయన 1871 నుంచి 1876 దాకా పార్లమెంటు సభ్యుడు కూడా. రైలు వచ్చాక భూమి ధర పెరిగింది, కొత్త వలసవాళ్ళు వచ్చారు, భూమి చేతులు మారింది. మనమూ ఆ వలసల వరసలో చివర వచ్చిన వాళ్ళమే కాబట్టి ఇది గుర్తుంచుకోవాలి.

కంపెనీ బళ్ళు బాగా నడిచేవి. 1892 జూలై 20న కంపెనీ ఇంజను ఒకటి గంటకు 103 కి.మీ. వేగం అందుకుంది. ఆ వెడల్పు పట్టాల మీద ప్రపంచంలో అప్పటికి అదే రికార్డు. ఇక్కడి పట్టాల మధ్య దూరం 1,067 మి.మీ. మన మీటర్ గేజ్ కంటే నాలుగు వేళ్ళంత ఎక్కువ, బ్రాడ్ గేజ్ కంటే రెండడుగులు తక్కువ. గుంటూరు, గుంతకల్లు వైపు పాత మీటర్ గేజ్ బండి ఎక్కిన వాళ్ళకి ఇక్కడి పెట్టె ఎందుకు ఇరుకుగా ఉంటుందో ఇప్పుడు అర్థమవుతుంది.

1908లో ఆక్లాండ్ నుంచి వెల్లింగ్టన్ దాకా మెయిన్ ట్రంక్ లైను కలిసింది. దాని చివరి ముక్క మాత్రం ప్రైవేటు కంపెనీ చేతిలో ఉంది. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం కంపెనీని కొనేసింది. 28 ఏళ్ళ క్రితం అవసరం లేదన్న లైనునే డబ్బిచ్చి తీసుకుందన్నమాట.

ఖండాలా నుంచి ఖండల్లాకి

ఇప్పుడు మనందరినీ మొదటిరోజు ఆశ్చర్యపెట్టే సంగతి. బండి వెల్లింగ్టన్ వదిలాక క్రాఫ్టన్ డౌన్స్, నైయో, అవారువా స్ట్రీట్ వస్తాయి. ఆ తరువాత సిమ్లా క్రెసెంట్! ఇంకొంచెం పోతే ఖండల్లా! స్టేషన్ దిగి నడిస్తే ఢిల్లీ, ఆగ్రా, కలకత్తా, బొంబాయి, గంగా నది పేర్లతో వీధులు. మద్రాస్ స్ట్రీట్ కూడా ఉంది. మాలో ఒకాయన వచ్చిన కొత్తలో ఇంటికి ఫోన్ చేసి మద్రాస్ స్ట్రీట్‌లో ఉన్నానంటే, వాళ్ళమ్మగారు "అదేంట్రా, మద్రాసు ఎప్పుడెళ్ళావు?" అని కంగారు పడ్డారట.

ఈ పేర్లు పెట్టింది మన వలసవాళ్ళు కాదు. ఇండియాలో పనిచేసి వచ్చిన కెప్టెన్ జేమ్స్ ఆండ్రూ 1884లో ఇక్కడ ఇల్లు కట్టుకుని దానికి ఖండల్లా అని పేరు పెట్టాడు. తరువాత స్టేషన్‌కీ, ఊరికీ అదే పేరు నిలిచింది. బొంబాయి, పూణే మధ్య కొండల్లో ఉన్న ఖండాలాయే అది. 1998లో వచ్చిన ఆమిర్ ఖాన్ సినిమా పాట పుణ్యమా అని మన తరంలో ఆ పేరు వినని వాళ్ళు లేరు.

ఆ ఖండాలాకీ ఈ ఖండల్లాకీ ఇంకో పోలిక కూడా ఉంది. అక్కడ భోర్ ఘాట్ మీద 1863లో రైలు ఎక్కించారు. 37 అడుగులు ముందుకి పోతే ఒక అడుగు పైకి లేచే ఎక్కుడు అది. ఆ పనిలో వేలమంది కూలీలు జబ్బులతో, ప్రమాదాలతో చనిపోయారు. ఇక్కడ మన జాన్సన్‌విల్ లైను బాగా నిటారుగా ఉన్నచోట 36 అడుగులకి ఒక అడుగు లేస్తుంది. రెండూ దాదాపు ఒకటే. పేరు పెట్టిన కెప్టెన్ ఈ లెక్క వేసి పెట్టాడని మేం అనం కానీ, కొండ ఎక్కే రైలుకి ఆ పేరు సరిపోయింది.

1937లో ఏం జరిగింది

ఆ ఎక్కుడే ఈ లైనుకి కష్టం తెచ్చింది. బొగ్గు ఇంజన్లు బరువైన గూడ్సు బండి లాగుతూ ఈ కొండ ఎక్కలేక ఆపసోపాలు పడేవి. ఒంటి లైను, ఏడు సొరంగాలు, నిండా పొగ. జాన్సన్‌విల్ దాటాక బెల్మాంట్ అనే చోట లోయ మీద కౌరీ కర్రతో కట్టిన ఎత్తైన వంతెన ఉండేది. సుమారు 38 మీటర్ల ఎత్తు. 1903లో దాన్ని తీసి ఉక్కు వంతెన వేశారు. అయినా బళ్ళు పెరిగే కొద్దీ దారి చాలలేదు.

దాంతో కొండ ఎక్కడం మానేసి కొండ కిందుగా పోదామని టావా వైపు కొత్తదారి తవ్వారు. రెండు సొరంగాలు. పెద్దది 4.3 కి.మీ. పైనే. 1935లో గూడ్సు బళ్ళు, 1937 జూన్ 19న ప్రయాణికుల బళ్ళు కొత్త దారిలోకి మారాయి. మనం రోజూ వెళ్ళే వెల్లింగ్టన్ స్టేషన్ భవనం ప్రారంభమైందీ అదే రోజు.

ఆ రోజుతో జాన్సన్‌విల్ మెయిన్ లైను మీద ఊరు కాకుండా పోయింది. ఇక్కడి నుంచి టావా దాకా పట్టాలు ఎత్తేశారు. బెల్మాంట్ ఉక్కు వంతెనని 1951లో సైన్యం ఇంజనీర్లు కూల్చేశారు. పాత రైలుదారిలో కొంత మోటార్‌వే కిందికి పోయింది. ఈ మోటార్‌వే మొదటి ముక్క 1950 డిసెంబరులో తెరిచారు, దేశంలో మొదటి మోటార్‌వే ఇదే. కుర్రాడు అడిగిన ప్రశ్నకి జవాబు ఇదన్నమాట. ముందుకి ఊళ్ళు ఉన్నాయి, పట్టాలే లేవు.

కరెంటు బండి వచ్చింది

మిగిలిన 10.5 కి.మీ. ముక్కని అలాగే వదిలేయలేదు. 1938 జూలై 2న కరెంటు రైళ్ళు మొదలుపెట్టారు. ఇంజను వేరుగా లేకుండా పెట్టెకే మోటార్లున్న కరెంటు బండి న్యూజీలాండ్‌లో మొదట నడిచింది ఈ లైను మీదే. పైన తీగల్లో 1,500 వోల్టుల డి.సి. కరెంటు. పొగ లేదు, ఎక్కుడు దగ్గర ఆయాసం లేదు, ఆగిన చోట నుంచి వెంటనే వేగం అందుకుంటుంది. అందుకని స్టేషన్లు దగ్గర దగ్గరగా పెట్టగలిగారు. సిమ్లా క్రెసెంట్, అవారువా స్ట్రీట్ అప్పుడు వచ్చినవే. 1940లో రరోవా, 1963లో క్రాఫ్టన్ డౌన్స్ చేరాయి.

ఆ ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ కంపెనీ బళ్ళు, తరువాతి ఏళ్ళలో వచ్చిన అదే రకం బళ్ళు కలిసి ఈ లైను మీద 2012 దాకా తిరిగాయి. ఆ ఏడాది కొరియా నుంచి వచ్చిన మతంగి బళ్ళు వాటి స్థానంలోకి వచ్చాయి. మతంగి అంటే మన మాతంగి కాదండోయ్. మావోరీ భాషలో గాలి అని అర్థం. వెల్లింగ్టన్ గాలి తగిలిన వాళ్ళెవరూ ఆ పేరుకి వంక పెట్టరు.

ఇప్పటికీ ఇది ఒంటి లైనే. నైయో, ఖండల్లా లాంటి చోట్ల ఎదురు బండి కోసం ఆగాలి. అందుకనే ఎక్కువ బళ్ళు వేయలేరు. ఒకటి ఆలస్యమైతే ఎదురుగా వచ్చేదీ ఆలస్యమే. టికెట్టు సంగతికొస్తే, 2021 నవంబరులో స్నాపర్ కార్డుని రైళ్ళలో మొదట పరీక్షించింది మన లైను మీదే. ఏడాది తరువాత మిగతా లైన్లకీ ఇచ్చారు. అంతకుముందు కాగితం టికెట్టు, కండక్టరు చేతి చిల్లే.

సముద్రం పక్కన సాగేది

మరి పాత తీరపు లైను ఏమైంది? అదే ఇప్పుడు టావా సొరంగం మీదుగా పోయే కపిటి లైను. 1940 జూలైలో పైకాకారికి దాకా కరెంటు వచ్చింది. ఆ తరువాత రెండేళ్ళకి యుద్ధకాలంలో పైకాకారికి దగ్గర అమెరికా మెరీన్ సైనికులు శిబిరాలు వేశారు. సెలవు దొరికితే వాళ్ళు వెల్లింగ్టన్ వచ్చింది ఈ రైలులోనే. కరెంటు 1983లో పరపరౌము దాకా, 2011 ఫిబ్రవరిలో వైకనే దాకా వెళ్ళింది. వెల్లింగ్టన్ నుంచి సుమారు 55 కి.మీ.

పిల్లలతో ఒక ఆదివారం వెళ్ళి రండి. పుకెరువా బే దాటాక బండి కొండ అంచున పోతుంది. ఎడమ పక్కన కూర్చోండి. కింద సముద్రం, ఎదురుగా కపిటి దీవి. అక్కడ వరసగా ఐదు చిన్న సొరంగాలు. కొండ జాగా ఇవ్వదు కాబట్టి అక్కడ నేటికీ ఒంటి లైనే. ఆదివారాల్లో పట్టాల పనులు ఉంటే బస్సులు వేస్తారు, ముందే చూసుకుని బయల్దేరండి.

2023 మే నెల గుర్తుందా? పట్టాలు సరిగా ఉన్నాయో లేదో కొలిచే ప్రత్యేక బండి దేశం మొత్తానికి ఒక్కటే. అది పాడైంది. కొలత గడువు దాటిందని కపిటి లైను మీద వేగం 70 కి.మీ.కి తగ్గించి, బళ్ళు కోసేశారు. పొరిరువా, పరపరౌము నుంచి వచ్చే మనవాళ్ళు కిక్కిరిసిన బండిలో నిలబడి వచ్చారు. ఆలస్యానికి జీతం కోత పడిన వాళ్ళని మేం ఎరుగుదుం. రైలు ఆగితే కారున్న వాడికి చికాకు, కారు లేనివాడికి కూలి.

తీసేద్దామన్న రోజులు

ఇంత కథ చెప్పడానికి అసలు కారణం ఇక్కడుంది. 2006లో జాన్సన్‌విల్ లైను ఉంచాలా వద్దా అని అధ్యయనం జరిగింది. బళ్ళు ముసలివైపోయాయి, సొరంగాలు ఇరుకు, ఖర్చు ఎక్కువ. పట్టాలు తీసేసి ఆ దారిలో బస్సులు నడపడం ఒక ఆలోచన. లైట్ రైలు ఒక ఆలోచన. ఉన్న రైలునే బాగుచేయడం ఇంకొకటి. జనాన్ని అభిప్రాయాలు అడిగారు. ఊరివాళ్ళు రాశారు, సభలకి వెళ్ళారు, రైలే కావాలన్నారు. చివరికి రైలే ఉంది. తరువాత సొరంగాల్లో నేల లోతు చేసి కొత్త బళ్ళు పట్టేలా మార్చారు. మనం ఇవాళ మతంగిలో కూర్చుంటున్నామంటే అందుకే.

పట్టాలు ఒకసారి తీస్తే ఏమవుతుందో మనకి తెలుసు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 45 కి.మీ. లైను 1928లో వేశారు. 1940లో యుద్ధం కోసమని ఆ పట్టాలు ఊడదీసి పట్టుకుపోయారు. యుద్ధం అయిపోయింది, స్వరాజ్యం వచ్చింది, పట్టాలు మాత్రం రాలేదు. లోక్‌సభ స్పీకరుగా ఉన్న జి.ఎం.సి. బాలయోగి గారు ఆ లైను కోసం పట్టుబట్టారు. 2002లో ఆయన ప్రమాదంలో పోయారు. లైను మళ్ళీ తెరిచింది 2004లో. మధ్యలో 64 ఏళ్ళు! తాత రైలు చూశాడు, తండ్రి చూడలేదు, మనవడు చూశాడు. మాలో ఒకరిది ఆ కోనసీమ పక్కే. వాళ్ళ తాతగారు చనిపోయేదాకా ఇక్కడ స్టేషన్ ఉండేదిరా అని ఖాళీ గట్టు చూపించేవారట.

కాబట్టి మిత్రులారా, మేం చెప్పదలుచుకుంది ఒక్కటే. ఈ లైను కట్టినప్పుడు సర్కారు వద్దంది, ఊరివాళ్ళు వాటాలు వేసుకున్నారు. తీసేద్దామన్నప్పుడు ఊరివాళ్ళు కాగితం మీద రాసిచ్చారు. రెండుసార్లూ నిలబెట్టింది రైలు అవసరమున్న వాళ్ళే. టైంటేబులు మారుస్తామనో, ఛార్జీలు పెంచుతామనో కౌన్సిలు అభిప్రాయాలు అడుగుతూనే ఉంటుంది. ఆ కాగితం చూసి మనలో చాలామంది "మనం నిన్న వచ్చినవాళ్ళం, మనమాట ఎవరు వింటారు" అని పక్కన పడేస్తాం. మేమూ అదే చేశాం ఇన్నాళ్ళూ. మన ఇంగ్లీషు బాగుండదని సిగ్గు ఒకటి.

ఇంగ్లీషు గొప్పగా ఉండక్కర్లేదు. పొద్దున 6 గంటల షిఫ్టుకి వెళ్ళేవాళ్ళు, రాత్రి ఆఫీసులు ఊడ్చి వచ్చేవాళ్ళు, ఆదివారం పనిచేసేవాళ్ళు మనలోనే ఎక్కువ. ఏ బండి లేకపోతే మన పని పోతుందో మనకి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. అది నాలుగు ముక్కల్లో రాసిస్తే చాలు. రాయడం రానివాళ్ళు సాయంత్రం బండిలో మమ్మల్ని పలకరించండి. మేం గుమాస్తాలం, కాగితాలు నింపడమే మా పని.

ఆ కుర్రాడికి ఈ కథంతా చెప్పాం. అంతా విని, "అయితే అన్నా, ఈ స్టేషన్ కూడా మనలాగే ఎక్కడికో వెళ్దామని బయల్దేరి ఇక్కడ ఆగిపోయిందన్నమాట" అన్నాడు. అందరం నవ్వాం. తరువాత ఎవరి ఇంటికి వాళ్ళం వెళ్ళాం, మర్నాడు మళ్ళీ అదే బండి ఉంది కదా.